దారాకు

టార్టులో, బంగాళాదుంపల వీధిలో,
నిజంగానే ఆ వీధి పేరు అదే, ఆ పేటలో బఠాణీ వీధి కూడా ఉంది,
చెక్కమెట్ల ఇంట్లో రెండో అంతస్తున
శుక్రవారం రాత్రిళ్లు మేం రాజ్యాలు కూల్చేవాళ్లం.

ఆట నడిపేది నేను.
కొండలు నావి, రాక్షసులు నావాళ్లు, వాన నా ఇష్టం.
మంత్రాలకు చింతకాయలు రాలే లోకం మాది.
పూజారి వేషంలో ఉర్మాస్ చెయ్యి చాపి రెండు ముక్కలు గొణిగితే
బయటపడ్డ పేగులు వాటంతటవే లోపలికి సర్దుకునేవి.
చచ్చేవాడు లేచి కూచుని బీరేదని అడిగేవాడు.

జనవరిలో ఉర్మాస్‌కి ఓడ మీద ఉద్యోగం వచ్చింది.
పూజారి కాగితం నాలుగు మడతలు పెట్టి
నా పాచికల డబ్బాలో వదిలి వెళ్లాడు.
అతని కుర్చీలో లేలో కూచుంది.
కాలిన గాయాల వార్డులో రాత్రి డ్యూటీ నర్సు.
ఏ పాత్ర కావాలన్నాను.
"మంత్రాలు రాని మంత్రసాని."

నా పుస్తకంలో ఆమెకున్నది అరపేజీ.
ఆకు ముద్ద, ధర రెండు రాగి నాణేలు.
ఒక రాత్రి విశ్రాంతి, ఒక్క పాచిక, పడినంత ప్రాణం.
కత్తులకు పదకొండు పేజీలు.

మొదటి పోరు వంతెన దగ్గర.
కాపలావాడొకడికి తొడలో ఈటె దిగింది.
వాడి పేరేంటి, అంది లేలో.
పేరు లేదు. నా కాగితంలో వాడు మూడో కాపలావాడు.
పేరు లేనివాడికి కట్టు కట్టనంది.
గోడ క్యాలెండర్ వైపు చూసి, ఆ రోజు ఎవరి పేరుందో చదివి,
"ఆగో" అన్నాను.

చేతులు కడుక్కుంటున్నా, అంది.
దానికి నియమం లేదన్నాను.
లేకపోయినా కడుక్కుంటున్నా.
నీళ్లు మరిగాయా అని కౌర్‌ని అడిగింది.
గొడ్డలి వీరుడు కౌర్ జన్మలో మొదటిసారి
పుల్లలేరడానికి పాచిక వేశాడు.

మా భాషలో గడ్డికీ మందుకీ ఒకటే మాట.
ఇనపగడ్డి నెత్తురు ఆపుతుంది.
దారాకు వాపు లాగుతుంది,
తొక్కిన చోటే మొలుస్తుంది, తొక్కినకొద్దీ మొలుస్తుంది.
ఇంత మంచులో ఎక్కడ కోస్తావు, అన్నాను, గెలిచినట్టు.
ఎండబెట్టినవి ఉన్నాయి. వేసవిలో కోసుకున్నా.
ఏ వేసవి? నీ పాత్ర పుట్టి గంట కాలేదు!
"ఆవిడకి యాభై రెండేళ్లు. బోలెడు వేసవులు."

రెండో రాత్రి జ్వరం.
మూడో రాత్రి చీము.
కొండ మీద డ్రాగన్ కాచుకునే ఉంది, పాపం.
మేం గొర్రెల పాకలో ఒకడి తొడ చుట్టూ కూచున్నాం.
వంతులేసుకుని మేలుకున్నాం.
మా దొంగ మారెట్ పక్క ఊరికి పోయి
తేనె కొనుక్కొచ్చింది. కొనుక్కొచ్చింది!
గడియారం పది దాటినా ఎవరూ కోటు అందుకోలేదు.

ఐదో రాత్రి పాచిక ఒకటి చూపింది.
అట్ట తెర వెనక దాన్ని నాలుగు చెయ్యడం నాకు కొత్త కాదు.
లేలో నా కళ్లలోకి చూసి తల అడ్డంగా ఊపింది.
ఆ ఊపు ఆ వార్డు వరండాలో
ఎంతమందికి తెలుసో.

తర్వాత కౌర్ గొడ్డలి అడిగింది.
మంటలో కాల్చి తెమ్మంది.
ఎన్ని తలలు నరికాడో లెక్కలేని కౌర్
నన్ను చూడమనకండి అని వంటింట్లోకి పోయి
సింకు దగ్గర కుళాయి విప్పి నిలబడ్డాడు.

ఆగో బతికాడు. కాలు బతకలేదు.

ఇప్పుడు వంతెన దగ్గర సుంకం వసూలు చేస్తాడు.
మేం దాటిన ప్రతిసారీ కౌర్ రెట్టింపు ఇస్తాడు,
చిల్లర తీసుకోడు.
డ్రాగన్ సంగతి ఏమైందో నన్నడక్కండి.

ఏప్రిల్లో ఉర్మాస్ సెలవు మీద వచ్చాడు.
ఉప్పుగాలికి ముఖం నల్లబడింది.
మడతలు విప్పి, కాగితం బల్ల మీద చదును చేసి,
"ఆ కాలు నేను మొలిపిస్తా, చిటికెలో" అన్నాడు.
బల్ల చుట్టూ ఒక్కరూ మాట్లాడలేదు.
"వాణ్ణే అడుగు," అంది లేలో.

వాడంటే నేనే కదా.
మూడో కాపలావాణ్ణి, క్యాలెండర్లోంచి ఊడిపడ్డ ఆగోని.
వంతెన మీద కర్రకాలు సర్దుకుని,
పూజారి చాపిన చేతుల వైపు చాలాసేపు చూసి
అన్నాను:
"ముందు చేతులు కడుక్కో."